బావిల దిగే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు పెద్దనాయిన ఆశీర్వదించి రాస్తున్నది.

మీ తమ్ముడు నిన్న మాపటికి ఫోన్ల చెప్పిండు. మే నెలల 15 రోజులు సెలవు పెట్టి పిల్లలిద్దర్ని తీస్కొని ఊరికి వస్తున్నవట, పెద్దబావిల ఈత నేర్పుతవట. మీ పెద్దమ్మ అప్పుడే తపాలచెక్కకని బియ్యం పిండి పట్టిచ్చుకొచ్చింది. నాకైతే రాత్రి నిద్ర పట్టలె. సంతోషం ఎంతున్నదో బుగులు గూడ అంతే ఉన్నది. ఊర్ల మొగపిల్లలకంటె ముందు ఈ దరినుంచి ఆ దరికి ఈది అవతలి గోడ ముట్టినదానివి నువ్వు. నీ పిల్లలకు నువ్వు నేర్పకపోతే ఎవరు నేర్పుతరు? కాకుంటే ఫోన్ల చెప్తే సగం ఇని "సరే పెద్దనాయినా" అని పెట్టేస్తవు. అందుకే కాయితం మీద పెడుతున్న.

బస్సు సంగతి నీకు చెప్పేదేమున్నది. హైదరాబాదు బస్టాండు ఎంజీబీఎస్‌ల పొద్దుగాల దేవరకొండ బస్సు ఎక్కు, ఎండ ముదరకముందే మాల్ ఊరు దాటాలె.

వచ్చిన రోజే బావి అనొద్దు. ఏసీల ఉన్న పానం మన ఎండకు అలవాటు కావాల్నంటే వారం పడ్తది. మొదటి మూడు రోజులు పొద్దున 6 నుంచి 8 దాకా, సాయంత్రం 5:30 దాటినంక, అంతే. 11 నుంచి 4 దాకా ఇంట్లనే ఉండాలె. పచ్చీసు గవ్వలు దొరికినయి, వామనగుంటల పీట అటక మీదున్నది. దూపయితే తాగుడు గాదు, దూప కాకముందే తాగాలె. ఉచ్చ పచ్చగ పోస్తుండ్రంటే నీళ్లు చాలలేదన్నట్టు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెరిస్తే మొత్తం ప్యాకెట్ ఒక్కసారే లీటరు నీళ్లల్ల కలుపు. సగం సగం అందాజుగ కలిపి తాపితే లాభం లేకపోంగ చిన్నపిల్లలకు నష్టం. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చదునుగ తీసినవి, కుప్ప పోసినవి గాదు.

ఎండల తిరిగి పిల్ల మాట తడబడ్డా, సోయి లేనట్టు చూసినా అది వడదెబ్బ. జ్వరం గోలీ ఏసుకుంట కూసోకు, ఆ వేడికి ఆ గోలీ పనిచెయ్యది. నీడకు తేవాలె, బట్టలు వదులు చెయ్యాలె, ఒళ్లంత తడిపి గాలి ఇసురుకుంటనే 108కు ఫోన్ చెయ్యాలె. సోయి లేనోళ్ల నోట్లె నీళ్లు పొయ్యొద్దు.

పొద్దున టీ బదులు తైద అంబలి అలవాటు చెయ్. నాలుగు చెంచాల పిండి రాత్రే గ్లాసెడు నీళ్లల్ల కలిపి కుండల పెడ్తే తెల్లారేసరికి జర పులుస్తది. మసులుతున్న లీటరు నీళ్లల్ల దాన్ని పోసుకుంట ఉండలు కట్టకుంట కలిపి, సన్నమంట మీద 10 నిమిషాలు ఉడికిచ్చాలె. సల్లారినంక సల్ల, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు ఏస్తే సరి. పిల్లలు మొదటిరోజు మొఖం తిప్పుతరు. బతిమాలకు, మూడో నాటికి వాళ్లే అడుగుతరు. ముంజలు పొద్దున కోసినవే తినాలె, మధ్యాహ్నానికి పులుపెక్కుతయి.

తాగే నీళ్లు మాత్రం ఇంట్ల నల్లా నీళ్లే, భగీరథ నీళ్లు. చెలకల బోరు నీళ్లు సల్లగున్నయి, తియ్యగున్నయి అని పిల్లలకు తాపకు. మన నల్లగొండ నేలల ఫ్లోరైడు సంగతి నీకు ఎరుకే, పక్క మర్రిగూడ దిక్కు వంగిన నడుములు నువ్వు చిన్నప్పుడు చూసినవే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటరు. "మరిగిచ్చి తాగుతం పెద్దనాయినా" అంటవేమో. మరిగిస్తే పురుగులు సస్తయి గని ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతయి గనుక ఇంకింత చిక్కనైతది. 15 రోజులు తాగితేనే పండ్లు గారబడుతయని చెప్తలేను. మనోళ్లు "ఒక్క గ్లాసే గదా" అనుకుంటనే తాగిన్రు, నాకు ఆ మాటంటేనే కోపం.

ఇగ అసలు సంగతి.

ముందు మూడు రోజులు బోరుకాడి హౌజుల ఆడనియ్యి. నడుములోతుకంటె ఎక్కువ నీళ్లు పెట్టనియ్య. అక్కడ నేర్పాల్సినయి మూడే. మొఖం నీళ్లల్ల ముంచి ముక్కుతోని బుడగలు ఇడుసుడు. గోడ పట్టుకొని కాళ్లు కొట్టుడు, మోకాలు కాడ గాదు, తుంటి కాడి నుంచి. మూడోది అన్నిటికంటె పెద్దది, ఎల్లెలకల తేలుడు. తల కింద నీ చెయ్యి పెట్టు, ఊపిరి నిండ పీల్చి పొట్ట ఆకాశం దిక్కు లేపమను. ఊపిరితిత్తుల గాలి ఉన్నంతసేపు ఎద మునగది, ఆ సంగతి పిల్లకు తన ఒంట్లకెళ్లి తెలియాలె. చెయ్యి తీసినా నిమిషం తేలుతున్నదంటే అప్పుడు బావి. అందాక బావి గట్టు మీదికి గూడ తేవద్దు.

బావిల డబ్బా కట్టుడు దగ్గర మన ఊరోళ్లమందరం చేసిన తప్పు ఒకటున్నది. అది నీకు చెప్పకుంట ఉండలేను.

వెనుకట బెండ్లు కడుతుండిరి, ఎండిన సొరకాయ బుర్రలు కడుతుండిరి. తర్వాత ప్లాస్టిక్ డబ్బాలొచ్చినయి. ఎక్కడ కట్టిన్రు? నడుముకు. ఎందుకంటే నడుముకు కట్టుడు అల్కగ. 5 లీటర్ల డబ్బా గాలితోని మూసి ఉంటే దగ్గర దగ్గర 5 కిలోల బరువు లేపుతది. మనిషి నీళ్లల్ల అంత బరువు ఉండడు, పిల్ల తల ఒక్కటి పైన ఉంటే చాలు. అంటే డబ్బాకు బలం తక్కువై గాదు, ఎక్కువై గండం. నడుము కాడ కడితే అది నడుమునే లేపుతది. నడుము లేస్తే మొఖం నీళ్లల్లకు పోతది. పిల్ల బెదిరి చేతులు కొడుతది, తాడు తుంటి మీదికి జారుతది, ఇంకా బోర్లా పడ్తది. చేతులు ఎనుకకు అందయి. గట్టు మీదున్నోళ్లకేమో డబ్బా తేలుతనే కనిపిస్తది. డబ్బా తేలుతుంటే పిల్ల గూడ తేలుతున్నదనుకుంటరు. మీ తమ్మునికి అయింది అదే. కొత్త నైలాను తాడు, నున్నగుంటది, తడిస్తే ముడి జారుతది. రెండో ముడి ఎయ్యలె. ఆ ముడి ఏసింది ఎవరో నీకు తెలుసు, ఇంతకంటె రాయను.

డబ్బా వీపు మీద రెక్కల నడుమ, చంకల ఎత్తుల కట్టాలె. తాడొద్దు, పాత నూలుచీర నాలుగు వేళ్ల వెడల్పు చించి పట్టీ చెయ్. ఒకటి ఎద చుట్టు, రెండు భుజాల మీదికెళ్లి, అప్పుడు కిందికి జారది. ముడి ముందుకే ఉండాలె, నీకు కనిపించాలె, రెండుసార్లు ఎయ్యాలె. డబ్బా మంచినూనెది తే. పురుగుమందుది ఎన్నిసార్లు కడిగినా వద్దు, మూత కాడ మందు మిగిలే ఉంటది. కట్టేముందు బకీట్ల ముంచి పట్టు, బుడగలొస్తే పారెయ్. ఇంత చేసినా వీపు మీది డబ్బా సోయి తప్పినోళ్లను బోర్లనే ఏస్తది, అది లైఫ్ జాకెట్ గాదు. అందుకే పిల్ల నీళ్లల్ల ఉన్నంతసేపు నువ్వు చెయ్యి చాపితే అందేటంత దూరంల ఉండాలె, గట్టు మీద ఇంకొకరు ఉండాలె. గట్టు మీదోళ్ల చేతుల ఫోన్ ఉండొద్దు.

నీళ్లల్ల మునిగేటోళ్లు సినిమాలల్ల లెక్క ఒర్రరు. నోరు నీళ్లకాడ ఉంటది, తల ఎనుకకు వాలుతది, చేతులు నీళ్లను కిందికి ఒత్తుతుంటయి, సప్పుడు రాదు. చూస్తే ఆడుతున్నట్టే ఉంటది. మాట్లాడిస్తే జవాబు రాకుంటే అదే గుర్తు.

అట్లయితే ఈతరాని వాళ్లెవరూ దుంకొద్దు, ఇద్దరు పోతరు. తాడు, కట్టె, చీర కొంగు, ఖాళీ డబ్బా, ఏది అందితే అది ఇసరాలె. పైకి తీసినంక తలకిందులు చేసి కడుపు ఒత్తుడు మన ఊర్ల ఇంకా ఉన్నది. ఎవరన్న అట్ల చెయ్యబోతే చెయ్యి పట్టి ఆపు. కడుపుల నీళ్లు కక్కితే ఆ కక్కు ఊపిరితిత్తులల్లకే పోతది, ఊపిరి ఊదాల్సిన నిమిషం పోనే పోతది. ఊపిరి లేకుంటే ఎల్లెలకల పండబెట్టి, గదుమ లేపి, ముక్కు మూసి ముందు 5 సార్లు నోట్లెకు ఊదు. తర్వాత ఎద నడుమ 30 సార్లు 2 అంగుళాల లోతు ఒత్తు, నిమిషానికి 100 నుంచి 120 అందాజుల. మల్ల 2 సార్లు ఊదు. 108 వచ్చేదాక ఇట్లనే 30 ఒత్తుడు, 2 ఊదుడు ఆపొద్దు. లేచి కూసొని నవ్వినా దవాఖాన్ల చూపించాల్సిందే, గంటల తర్వాత ఆయాసం రావొచ్చు. ఇది రాసుకుంట నా చెయ్యి వణుకుతున్నది, నువ్వు చదివేటప్పుడు వణకొద్దు బిడ్డా, నేర్సుకో.

మోటరు సంగతి నా మీద ఇడిసిపెట్టు. ఆటోస్టార్టరు పీకించిన. అది ఉంటే కరెంటు పోయి ఎప్పుడు వస్తదో, రాంగనే మోటరు తనంతట తనే ఉరుకుతది. ఈదేటప్పుడు స్టార్టరు బందు పెట్టుడే గాదు, ఫ్యూజులు మూడూ పీకి జేబుల ఏసుకొని కూసుంట. మోటరు వైరు నీళ్లల్ల ఎక్కడ చిట్లినా నీళ్లంత కరెంటే. మనుమరాలికి చున్నీ వద్దు, ఒంటికి పట్టే ప్యాంటు, బనీను ఎయ్యి, జుట్టు కొప్పు కట్టు. ఫుట్‌వాల్వు అంటే పైపు అడుగు మూతి కాడ పైపులకు, పాత తాళ్లకు ఏదన్న సుట్టుకుంటదని నాకు బుగులు. మే నెలల నీళ్లు అడుగుకు పోతయి, కింద పూడిక ఉన్నది, ఆ పక్క బండ పొడుచుకొచ్చింది, నీకు యాదుండొచ్చు. కాళ్లతోని గూడ దుంకనియ్యకు, మెట్ల మీదికెళ్లే దిగాలె. తూర్పు చెలకల మూసిన బావి దిక్కు అసలే పోవద్దు, వాడకంల లేని బావిల చెడుగాలి ఉంటది, దిగినోడు అరవకుంటనే కూలుతడు.

చిన్నోడు నీళ్లంటే భయపడ్తడని మీ తమ్ముడు చెప్పిండు. "నూకెయ్, అదే వస్తది" అనేటోళ్లు మనింట్లనే నలుగురున్నరు. వాళ్ల మాట ఇనకు. నూకితే ఈత రాదు, ఇంకో పదేండ్లు నీళ్లు చూస్తే వణుకుతడు. వాడు ఈ ఎండకాలమంత హౌజుల కాళ్లు తడుపుకున్నా చాలు. హైదరాబాదుల వాని సైజు లైఫ్ జాకెట్ కొను, కాళ్ల సందులకెళ్లి వచ్చే పట్టీ ఉన్నది చూడు, లేకుంటే జాకెట్ చెవులదాక లేస్తది, పిల్లగాడు కిందనే ఉంటడు.

సాగర్ చూపిస్తనంటే మంచిదే. లాంచిల నాగార్జునకొండ మ్యూజియం దాక పోయి రండి, జాకెట్ ఏసుకొనే ఎక్కాలె. కాలువల మాత్రం కాలు పెట్టనియ్యకు. బావికి మెట్లన్న ఉంటయి. కాలువకు రెండుదిక్కుల సిమెంటు వాలు, దాని మీద పాకుడు, గజ ఈతగానికి గూడ పట్టు దొరకది. దేవరకొండ ఖిల్లా ఎక్కుడైతే ఇంకా మంచిది, పొద్దున 6కే మొదలుపెట్టి ఎండ రాకముందే దిగాలె.

ఇంకోటి. మొదటి నాలుగు రోజులు పొద్దుమీకే యాళకు పిల్లల మనసు ఇంటి మీదికి పోతది. పగలంత ఎగిరినోళ్లు దీపాలు పెట్టంగనే "నాన్న ఎప్పుడొస్తడు" అంటరు. ఆ యాళకు పని ఉండాలె. డాబా మీద నీళ్లు సల్లుడు, నులకమంచాలు ఏసుడు, గొడ్లకు కుడితి పెట్టుడు. వాళ్ల నాన్నతోని ఫోన్ మధ్యాహ్నం మాట్లాడించు, పండుకునే ముందు వద్దు, ఆ గొంతు ఇంటే నిద్ర రాదు. ఫోన్లు మొత్తం గుంజుకోకు, మధ్యాహ్నం గంట ఇయ్యి. ఊరికి తేవడమంటే శిక్ష అనిపియ్యొద్దు.

వచ్చిన చుట్టాలు పిల్లను నల్లగైనవంటరు, మార్కులెన్ననడుగుతరు. వాళ్ల నోరు మూసే బాధ్యత మీ పెద్దమ్మ తీసుకున్నది.

నువ్వు లాప్‌టాప్ తెస్తున్నవట. తెస్తే తే, కాని బావికాడికి పోయిన రోజు అది పెట్టెలనే ఉండాలె. మీటింగుల సెవి, నీళ్లల్ల కన్ను, రెండు కుదరయి. నువ్వు గూడ రెండేండ్లయింది ఊరికి వచ్చి, నీ మొఖం ఫోన్ల చూస్తనే ఉన్న, కండ్ల కింద నలుపు. నాలుగు రోజులు పొద్దెక్కేదాక పండుకో, ఎవరూ లేపరు.

మెట్ల మీద పాకుడు సున్నమేసి గీకించిన. పాత చీర మీ పెద్దమ్మ తీసిపెట్టింది, నేను చించలె. పట్టీలు నువ్వొచ్చినంక నువ్వే చించు, ముడి గూడ నువ్వే ఎయ్యి. నేను ఫ్యూజులు జేబుల ఏసుకొని గట్టు మీద కూసుంట.

ఇట్లు,
నీ పెద్దనాయిన