మాటలు రాని బిడ్డకు నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా బాబుకు 8 నెలలు. జలుబు చేసింది. రెండు రాత్రులుగా ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు. పాలిస్తే నాలుగు గుక్కలు తాగి వదిలేస్తున్నాడు. మా అత్తయ్య దిష్టి తీశారు, గ్రైప్ వాటర్ పట్టారు. ఇది నొప్పా, మారామా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, 8 నెలల బిడ్డ రాత్రిపూట లేచి మారాం కోసం ఏడవడు. ఆస్పత్రుల్లో 2 నెలల నుంచి 7 ఏళ్ల పిల్లల నొప్పిని ‘ఫ్లాక్’ అనే స్కేలుతో అంచనా వేస్తాం. ముఖం, కాళ్లు, ఒంటి కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం: ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10. ఏడో, అంతకు మించో వస్తే తీవ్రమైన నొప్పి. మీరు మార్కులు వేయనక్కర్లేదు. కనుబొమలు ముడుస్తున్నాడా, కాళ్లు పొట్టలోకి లాక్కుంటున్నాడా, వీపు విల్లులా వంచుతున్నాడా, భుజాన వేసుకుంటే ఊరుకుంటున్నాడా చూడండి చాలు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు ముందు చెవి మీద అనుమానం. జలుబుతో చెవి లోపల ఇన్‌ఫెక్షన్ వస్తే పడుకోబెట్టినప్పుడు, పాలు చప్పరించినప్పుడు నొప్పి పెరుగుతుంది. రేపే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఈలోగా చెవిలో నూనె పోయకండి. ఒకసారి బట్టలన్నీ విప్పి, కాలివేళ్లకు వెంట్రుక చుట్టుకుందేమో, గజ్జల్లో వాపుందేమో కూడా చూడండి.

పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వాలి: కిలోకు 15 మిల్లీగ్రాములు, 6 గంటల ఎడంతో, రోజుకు 4 సార్లకు మించకుండా. డ్రాప్స్, సిరప్ ఒకటి కాదు. డ్రాప్స్‌లో సాధారణంగా 1 ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 5 ఎంఎల్‌కు 125 లేదా 250 ఉంటాయి. సీసా మీద చదివాకే కొలవండి.

ఉండుండి కెవ్వుమని కాళ్లు ముడుచుకుని, మధ్యలో పాలిపోయి వాలిపోతుంటే, ఆకుపచ్చ వాంతి, విరేచనంలో రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. పేగులో పేగు చొచ్చుకుపోవడం ఈ వయసులోనే ఎక్కువ. ఏడ్చి ఏడ్చి హఠాత్తుగా చప్పబడి, పిలిచినా పలకకపోయినా అంతే. ఊరుకున్నాడని సంబరపడొద్దు.

ఇవాళ రాత్రి ఏడ్చినప్పుడు ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి. మా గదిలోకి వచ్చేసరికి పిల్లలు చాలాసార్లు నవ్వుతూనే ఉంటారు. ఆ వీడియో చూస్తే డాక్టర్‌కు సగం విషయం తెలుస్తుంది.