బేత్లెహేము చూపించలేదు సరే, డబ్బు ఎవరి ఖాతాలో వేశారు?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. 2023 ఫిబ్రవరిలో మా సంఘం నుంచి 34 మందిమి విశాఖలోని ఒక ట్రావెల్స్ ద్వారా పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లాం. మనిషికి 1,15,000 రూపాయలు. మా అమ్మకి అప్పటికి 71 ఏళ్లు. బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోట మోకాళ్లూనాలన్నది ఆమె చిరకాల కోరిక. 16వ తేదీన గైడుతో ఒకరోజు యాత్రగా బేత్లెహేము, గొర్రెల కాపరుల పొలం చూపిస్తామన్నారు. తీరా ఆ పొద్దున్న దారి మూసేశారని చెప్పి, ఒలీవ చెక్క బొమ్మలమ్మే దుకాణానికి తీసుకెళ్లి, సాయంత్రం హోటల్లో దింపేశారు. మర్నాడు ఖాళీ రోజు. మనిషికి 60 డాలర్లు ఇస్తే బేత్లెహేము తీసుకెళ్తామన్నారు. 11 మంది ఇచ్చి వెళ్లొచ్చారు. మా దగ్గర అంత లేక ఆగిపోయాం. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. యోర్దాను బాప్తిస్మం కూడా యెరికో దగ్గర కాకుండా గలిలయ దగ్గరే కానిచ్చేశారు. అమ్మ ఆ అక్టోబరులో పోయింది. ‘మాకు మీ పాస్టరుగారితోనే లెక్క, మీరెవరో తెలియదు’ అని ట్రావెల్స్ వాళ్లంటున్నారు. పాస్టరు అయ్యగారేమో ‘నేను మధ్యవర్తిని’ అంటున్నారు. 2023 డిసెంబరులో మాత్రం ‘వచ్చే సీజనులో ఉచితంగా తీసుకెళ్తాం’ అని ట్రావెల్స్ నుంచి మెసేజి వచ్చింది. స్టేషన్లో చీటింగ్ కేసు పెడితే డబ్బు అదే నడిచొస్తుందని బంధువులు అంటున్నారు. రసీదు లేదు. పాత తేదీతో ఇప్పిస్తామని సంఘంలో ఒకరన్నారు. యాత్ర వివరాల కాగితం వాట్సాప్‌లో వచ్చింది గానీ ఆ ఫోను ఎక్స్చేంజిలో ఇచ్చేశాం. 80,000 అయ్యగారి చేతికిచ్చాం, మిగతాది బ్యాంకులో వేశాం. మాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర అమ్మగారి గురించే. ఇక్కడ కుదించి వేశాం. మీ కేసును నిలబెట్టే మాట మాత్రం చివరి పేజీ అడుగున, సంతకానికి పై వరసలో, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టుంది: ‘మిగతాది బ్యాంకులో వేశాం.’ ఎవరి ఖాతాలో వేశారో రాయలేదు. ఫోన్ చేయించి అడిగితే, ట్రావెల్స్ పేరిటే ఎన్ఈఎఫ్‌టీ చేశామని, 1,50,000 అని, పాస్‌బుక్కులో ఆ వరస ఉందని చెప్పారు. అది చాలు. మీరెవరో తెలియదన్నవాడు మీ ఖాతా నుంచి లక్షన్నర ఎలా తీసుకున్నాడో ముందు అతను చెప్పుకోవాలి.

ఆ లక్షన్నర కూడా అయ్యగారి చేతి మీదుగానే వెళ్లి ఉన్నా మీరు వినియోగదారు కాకుండా పోరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘వినియోగదారు’ అంటే డబ్బు కట్టినవాడే కాదు, అతని అనుమతితో ఆ సేవను అనుభవించే లబ్ధిదారు కూడా. 2(7) సెక్షన్ చూడండి. టికెట్టు, వీసా, హోటల్ గది అన్నీ మీ పేర, అమ్మగారి పేర ఉన్నాయి. ఇంకెవరు లబ్ధిదారు? ఇక అమ్మగారు లేరు గనక ఆవిడ తరఫున అడగలేమని మీరు దిగులుపడుతున్నారు. చనిపోయిన వినియోగదారు తరఫున వారసులు ఫిర్యాదు చేయవచ్చని అదే చట్టం చెబుతోంది. మీకు ఇద్దరు చెల్లెళ్లున్నారని రాశారు. వాళ్లనీ ఫిర్యాదుదారులుగా చేర్చండి. లేకపోతే రేపు ఎదుటి వకీలు మొదటి ప్రశ్న అదే వేస్తాడు.

ఇప్పుడు గడువు. మీరు బొత్తిగా పట్టించుకోనిది ఇదే. 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆ కారణం అమ్మగారు పోయిన రోజున పుట్టలేదు. డిసెంబరులో మెసేజి వచ్చిన రోజున అంతకన్నా పుట్టలేదు. బస్సు బేత్లెహేము వెళ్లాల్సి ఉండి వెళ్లని రోజున, అంటే 2023 ఫిబ్రవరి 16న పుట్టింది. మెసేజి నుంచి లెక్కేసుకుని ‘2025 డిసెంబరు దాకా ఉంది కదా’ అని రాశారు. లేదండీ. 2025 ఫిబ్రవరి 16తో సరి, అదీ ఆదివారం. అవతలివాడు తీయటి మాటలు చెబుతూ పోయినంత మాత్రాన, మీరు ఉత్తరాలూ నోటీసులూ పంపుతూ పోయినంత మాత్రాన గడువు సాగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. అమ్మ పోయిన దుఃఖం రెండు మూడు నెలలకు కారణమవుతుందేమో గానీ పద్నాలుగు నెలలకు కాదు. నేను ఈ జవాబు రాస్తున్నది 2024 డిసెంబరులో. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి వరసగా వస్తున్నాయి. పండగలయ్యాక చూద్దామనుకుంటే పర్లాకిమిడిలో వకీలు దొరికేసరికి ఫిబ్రవరి వచ్చేస్తుంది. జనవరి మొదటి వారంలో వేసేయండి.

బంధువులు చెప్పిన దారి సంగతి గట్టిగానే చెప్పాలి. వద్దు. చీటింగ్ నిలవాలంటే డబ్బు తీసుకున్న రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఇక్కడ విమానం ఎక్కించారు, హోటళ్లు ఇచ్చారు, యెరూషలేము, గలిలయ చూపించారు, ఒక రోజు ఎగ్గొట్టారు. దీన్ని సేవాలోపం అంటారు, అప్పటికి అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతిలోని 420 అనరు. సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూయొద్దని సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. పైగా ఏ ఊరి స్టేషనో తేల్చుకోవడానికే ఆంధ్ర అంటారు, ఒడిశా అంటారు, పర్లాకిమిడికీ విశాఖకీ మధ్య తిప్పుతారు. మీరలా తిరుగుతున్నంత సేపూ ఆ రెండేళ్ల గడియారం ఆగదు. ఏదో ఒత్తిడికి వాళ్లు పది వేలు చేతిలో పెట్టి ‘ఇక ఏ బాకీ లేదు’ అని సంతకం తీసుకుంటే అసలు కేసుకు అక్కడితో మంగళం.

పాత తేదీ రసీదు మాట ఇంకెవరి దగ్గరా ఎత్తకండి. అది దొంగ పత్రం. దాన్ని అఫిడవిట్‌తో జతచేసి కమిషన్ ముందు పెడితే ముద్దాయి మీరే అవుతారు, రసీదు రాసిచ్చిన ఆ సంఘ పెద్ద కూడా. నా దగ్గరకొచ్చిన ఒకాయన ఇలాగే రెండేళ్ల కిందటి తేదీ వేయించిన రసీదు పట్టుకొచ్చాడు. ఆ రసీదు పుస్తకం అట్ట మీద అచ్చాఫీసు వాళ్లు వేసిన సంవత్సరం ఆ తేదీకి తర్వాతిది! బ్యాంకు కాగితంతో తేలికగా గెలవాల్సిన మనిషి ఆ రసీదును దాచిపెట్టమని నన్ను బతిమాలుకున్నాడు. 80,000 నగదుకు రసీదు లేకపోతే లేదని నిజం చెప్పండి. అయ్యగారు ఆ నగదు ట్రావెల్స్‌కు అందజేశానని అఫిడవిట్ ఇస్తే ఆయన మీ సాక్షి. ఇవ్వనంటే రెండో ప్రతిపక్షిగా చేర్చండి. గుంపును కూడగట్టినందుకు ఆయనకు సీటు ఉచితంగా ఇచ్చారేమో కూడా కనుక్కోండి. ఈ యాత్రల్లో అది మామూలే. ఇచ్చి ఉంటే ఆయన మధ్యవర్తి కాదు, ట్రావెల్స్ మనిషే. ఇదంతా ఆరాధన అయ్యాక నలుగురిలో నిలదీసి కాదు, విడిగా మర్యాదగా అడగండి.

ఇక ఫోను. లక్షలు పోసిన ప్రయాణానికి ఉన్న ఒకే ఒక్క హామీ కాగితాన్ని ఫోనులో ఉంచుకుని, ఆ ఫోనును ఎక్స్చేంజిలో ఇచ్చేశారు. నాలుగు రూపాయలు పెట్టి ప్రింటు తీయించుకుంటే పోయేది కదా! సరే, 34 మందికీ అదే పీడీఎఫ్ వచ్చి ఉంటుంది, ఎవరో ఒకరు తుడిచేసి ఉండరు. వాళ్ల ఫోనులో ఏ నంబరు నుంచి, ఏ తేదీన వచ్చిందో కనిపించేలా తీసి పెట్టుకోండి. ఆ తేదీ మీరు డబ్బు వేసిన తేదీకి ముందుండాలి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలి. అందులో ఒక భాగం ఫోను యజమాని, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. కమిషన్‌లో సాక్ష్య చట్టాన్ని కోర్టులో అంత కచ్చితంగా పట్టుకోరు గానీ, ఎదుటివాడికి ఆ సందు ఎందుకివ్వడం? పాస్‌బుక్కు జిరాక్సు కాకుండా బ్యాంకు ముద్ర వేసి ధ్రువీకరించిన స్టేట్‌మెంటు తీసుకోండి.

ఆ కాగితం దొరికాక యోర్దాను గురించి ఏం రాశారో చూడండి. ‘యోర్దాను నదిలో బాప్తిస్మం’ అని మాత్రమే ఉంటే ఆ ఫిర్యాదు వదిలేయండి. యెరికో దగ్గరున్న ఖస్ర్ అల్ యహూద్, గలిలయ సరస్సు నుంచి నది బయటికొచ్చే చోటున్న యార్దెనిత్, రెండూ యోర్దానే. మధ్యలో దాదాపు వంద కిలోమీటర్లున్నా నీళ్లు అవే. ప్రభువు బాప్తిస్మం పొందిన చోటుగా పరంపరగా చెప్పుకునేది మొదటిది. కాగితంలో ఆ పేరు రాసి ఉంటే అడగొచ్చు. లేకపోతే తెల్ల అంగీలో నీళ్లలో నిలబడ్డ అమ్మగారి ఫొటోనే వాళ్లు మీ మీదికి తిప్పుతారు. బలహీనమైన మాట ఒకటి కలిపితే బలమైన మాట కూడా పలచబడుతుంది.

దారి మూసేశారన్న వాదన తప్పకుండా వస్తుంది. 16న నిజంగా మూశారా లేదా అన్న చర్చలోకి దిగకండి, అది మీరు ఇక్కడి నుంచి తేల్చలేరు. మీ ఆయుధం 17వ తేదీ. ఆ రోజు 60 డాలర్లిచ్చిన 11 మంది బేత్లెహేము వెళ్లొచ్చారు. మర్నాడు ఖాళీగా కూర్చోబెట్టిన మిగతా వాళ్లను అదే బస్సులో, కట్టిన డబ్బులోనే ఎందుకు తీసుకెళ్లలేదు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేదు. ఆ 11 మందిలో ఇద్దరు ముగ్గురి అఫిడవిట్లు, క్రీస్తు జనన దేవాలయం గుహలో పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం దగ్గర తీసుకున్న ఫొటోలు తేదీతో సహా పెట్టండి. వాళ్లకీ ఆ 60 డాలర్లు తిరిగి అడిగే హక్కుంది. కలిసొస్తే ఒకే ఫిర్యాదులో వేయవచ్చు.

ఇంకో కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది, తెప్పించమని అడగండి. యెరూషలేము నుంచి బేత్లెహేము సుమారు పది కిలోమీటర్లే అయినా మధ్యలో చెక్‌పోస్టు ఉంది, అవతలిది పాలస్తీనా పాలనలోని ఊరు. ఇజ్రాయెల్ పౌరులు అక్కడికి వెళ్లకూడదు గనక యెరూషలేములో తిప్పిన ఇజ్రాయెల్ గైడు మామూలుగా అక్కడ ఆగిపోతాడు, బేత్లెహేము గైడు అందుకుంటాడు. అంటే ముందే మాట్లాడి పెట్టుకోవాల్సిన పని. 16వ తేదీకి ఆ గైడును బుక్ చేసిన వోచరు చూపించమనండి. లేకపోతే ఆ రోజు వెళ్లే ఉద్దేశమే వాళ్లకు లేదని కమిషన్ అనుకోవచ్చు. పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. అక్కడి గైడును కేసులోకి లాగొద్దు. మీ ఒప్పందం విశాఖ వాళ్లతోనే. వాళ్లు పెట్టుకున్న మనిషి చేసిన తప్పుకు వాళ్లే జవాబుదారీ.

కేసు కోసం విశాఖ వెళ్లనక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉంటున్న జిల్లాలోనే వేసుకునే వెసులుబాటు 34వ సెక్షన్‌లో ఉంది. పర్లాకిమిడిలోని గజపతి జిల్లా కమిషన్‌లో వేయండి. ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చుని కూడా వేయవచ్చు. మీరిద్దరూ కట్టింది 2,30,000. అయిదు లక్షల లోపు ఫీజు లేదు. ఒక్క సంగతి: మన ఊళ్లో బజారంతా తెలుగే మాట్లాడినా ఫైలు నడిచేది ఇంగ్లీషులోనో ఒడియాలోనో. తెలుగు కరపత్రానికీ మెసేజీలకూ తర్జుమా చేయించి, తర్జుమా చేసినవారి అఫిడవిట్‌తో జతపరచండి. నోటీసు అందిన 30 రోజుల్లో ఎదుటివాళ్లు జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆపైన కమిషన్ కూడా పొడిగించలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

ఎంత అడగాలి? మొత్తం 2,30,000 వెనక్కి ఇవ్వమంటే ఇవ్వరు. విమానం ఎక్కారు, తిన్నారు, పడుకున్నారు. తప్పిన యాత్రకు వెల వాళ్లే కట్టారు: మనిషికి 60 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం ఇద్దరికీ పది వేల దాకా అవుతుంది. అది అసలు. దానిపైన మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు, వడ్డీ. అమ్మగారి గురించి మీరు రాసిన మూడున్నర పేజీలకు చోటు ఇక్కడుంది. రెండు పేరాల్లో, అఫిడవిట్‌లో, తేదీలతో రాయండి. ఉచిత యాత్ర మెసేజి కూడా జతచేయండి. గడువుకు పనికిరాకపోయినా, ‘మీరెవరో తెలియదు’ అన్న మాటను అదే కొట్టేస్తుంది.

పాస్‌పోర్టులో ఇజ్రాయెల్ ముద్ర లేదే అని ఫోనులో కంగారుపడ్డారు. వాళ్లు ముద్ర వేయరు, విమానాశ్రయంలో చిన్న నీలం చీటీ ఇస్తారు, దాని మీద పేరూ తేదీ ఉంటాయి. మీది పారేశారని చెప్పారు. అమ్మగారి బైబిలు ఇంకా ఇంట్లోనే ఉంటే దాని పేజీల మధ్య ఒకసారి వెతకండి.