పని లేని నెలల్లో ముందు పాత బాకీలు చూడండి

మూడు నెలలుగా కొత్త రచన పని ఒక్కటీ రాలేదని, కడపలో ఉంటే ఈ వృత్తి సాగదేమోనని రాశారు. మీ బెంగ నాకు తెలుసు. పదేళ్లుగా ఇదే ఊళ్లో ఇదే పని చేస్తున్నాను. ఇది ఊరి తప్పు కాదండి.

ముందు పాత బిల్లులు బయటికి తీయండి. నిరుడు ఖాళీగా ఉన్న జూన్‌లో నా నోటు పుస్తకం తిరగేస్తే, రాసిచ్చినా డబ్బు రానివి నాలుగు తేలాయి. ఒకదాని పక్కన నా చేతిరాతతోనే ‘వచ్చే వారం ఇస్తామన్నారు’ అని ఉంది. ఆ వారం దాటి ఏడు నెలలైంది! మర్యాదగా, తేదీలతో సహా ఉత్తరాలు రాస్తే రెండు వసూలయ్యాయి.

చిన్న వ్యాపారాలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు కూడా చేసుకోండి. పాన్, ఆధార్ చాలు, రుసుము లేదు. 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం పని అందుకున్న సంస్థ గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే వడ్డీ కలపాలి. నమోదుకు ముందు చేసిన పనులకు దీన్ని వర్తింపజేయడం కష్టం, అందుకే ఆలస్యం వద్దు.

మీకు డబ్బిచ్చేటప్పుడే సంస్థలు పన్ను కింద మినహాయించిన టీడీఎస్ సంగతీ చూడండి. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే, రిటర్ను వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. కష్టార్జితం, వదులుకోకండి.

మిగిలిన రోజుల్లో ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చోండి. నాకు అక్కడ దొరికిన విషయాలతోనే పాత సంపాదకులకు కొత్త ప్రతిపాదనలు పంపాను. ధర మాత్రం తగ్గించవద్దు. నమోదులో ఎక్కడైనా ఆగిపోతే అడగండి, చెబుతాను.