సంతకం పెట్టిన రోజు మీ వయసెంత?

సందేహం: మాది తిరుపతి దగ్గర పల్లె. నాయన ఆటో నడుపుతాడు. ఇంటర్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఖాళీగా ఉండటమెందుకని రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ పనికి చేరాను. ఇదే నా మొదటి ఉద్యోగం. నెలకు 11 వేలన్నారు. ఏప్రిల్ 27న చేరాను. ఆ రోజే పదో తరగతి ఒరిజినల్ మెమో తీసుకున్నారు. ఆరు నెలల్లోపు మానేస్తే 30 వేలు కట్టాలని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకున్నారు. తేదీ దగ్గర ఖాళీ వదిలేశారు. సంతకం పెట్టాక దాన్ని ఫొటో తీసి స్నేహితుడికి వాట్సాప్‌లో పంపాను. జూన్ 26 దాకా పని చేసి, డిగ్రీలో చేరతానంటే యజమాని యాత్రికులందరి ముందూ నన్ను దొంగ అన్నాడు. గీజర్ కాల్చేశానని 6,500 పట్టుకుంటాడట. మధ్యలో ఫోన్‌పేలో వేసిన 2 వేలు తప్ప రూపాయి ఇవ్వలేదు. మెమో కూడా ఇవ్వడం లేదు. మొదటి జీతంతో అమ్మకు చీర కొనాలనుకున్నాను, పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకోవాలనుకున్నాను. మెమో పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకోమని మా మామ అంటున్నాడు. మే 19కి నాకు 18 నిండాయి. ఆ అవమానం తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. పరువు నష్టం కేసు వేయొచ్చా?

సలహా: మీరు అడిగింది పరువు నష్టం గురించి. మీ కేసును తేల్చేది మాత్రం మాటవరసకు రాసిన ఆ మే 19. ఏప్రిల్ 27న మీరు మైనర్. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మనకు అత్యున్నత అప్పీలు కోర్టు) తేల్చింది. తర్వాత 18 నిండినంత మాత్రాన అది చెల్లుబాటు కాదు. కాబట్టి ఆ 30 వేలు మీరు కట్టనక్కర్లేదు. మీరు పెద్దవారనుకున్నామని యజమాని చెప్పినా నిలబడదు. మీ మెమో మీద పుట్టిన తేదీ అచ్చయి ఉంది, ఆ మెమో ఆయన దగ్గరే ఉంది.

ఇక్కడే మీ అజాగ్రత్త గురించి చెప్పాలి. తేదీ ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం ఎలా పెట్టారు? రేపు ఆ ఖాళీలో ఆయన జూన్ తేదీ ఏదైనా వేసుకుంటే, కాగితం మీద మీరు మేజర్. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ ఉంటుంది కానీ, అది పేపరు కొన్న రోజును చెబుతుందే తప్ప సంతకం పెట్టిన రోజును కాదు. మిమ్మల్ని కాపాడగలిగేది మీరు స్నేహితుడికి పంపిన ఆ ఫొటో ఒక్కటే. అందులో మీ సంతకం ఉంది, తేదీ ఖాళీ కనిపిస్తోంది, వాట్సాప్‌లో ఏప్రిల్ 27 అని ఉంది. ఆ ఫోన్‌నేమో ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేస్తానంటున్నారు! కేసు తేలేదాకా దాన్ని అమ్మకండి, రీసెట్ చేయకండి. మీ స్నేహితుడికి కూడా ఇదే మాట చెప్పండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సరిపోదు.

మీ మామ చెప్పిన దారి వైపు మాత్రం పోవద్దు. మెమో ఎక్కడుందో మీకు తెలుసు. తెలిసీ పోయిందని ప్రమాణ పత్రం ఇస్తే అది అబద్ధపు ప్రమాణం, దానికి మీ మీదే కేసు పెట్టొచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. మెమో యజమాని దగ్గరుందని ఒకచోట, పోయిందని ఇంకోచోట రాసిచ్చిన మనిషిని అవతలి వకీలు రెండు ప్రశ్నల్లో అబద్ధాలకోరుగా నిలబెడతాడు. ఆ తర్వాత జీతం గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. తొందరంతా అడ్మిషన్ గురించే అయితే, ముందు డిజిలాకర్‌లో మీ పదో తరగతి మెమో వస్తుందేమో చూడండి. వస్తే దాన్ని చూపించి, ఒరిజినల్ ఇవ్వడానికి గడువిమ్మని కాలేజీవాళ్లను రాతపూర్వకంగా అడగండి.

ఇంకొక మాట. జీతం, మెమో ఇవ్వమని మీరు పంపే నోటీసు (దాని గురించి చివర్లో చెబుతాను) అందాక యజమాని మెత్తబడి, 'వచ్చి ఒక సంతకం పెట్టి మెమో తీసుకెళ్లు' అని ఫోన్ చేయవచ్చు. అలాంటి కాగితం మీద సాధారణంగా 'నాకు రావాల్సిందంతా ముట్టింది' అని రాసి ఉంటుంది. ఇప్పుడు మీకు 18 దాటాయి, ఈ సంతకం చెల్లుతుంది. డబ్బు చేతికి రాకుండా దాని మీద సంతకం పెట్టకండి.

ఒప్పందం చెల్లకపోతే జీతం కూడా పోతుందేమోనని భయపడకండి. మైనర్‌ను కాపాడటానికి పెట్టిన నియమాన్ని చూపించి అతని కష్టార్జితాన్ని ఎగ్గొట్టడం కుదరదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, పని మానేసిన రెండు పనిదినాల్లోగా లెక్క చూసి జీతం ఇచ్చేయాలి. గీజర్ డబ్బు పట్టుకోవాలంటే అది మీ నిర్లక్ష్యం వల్లే పాడైందని ఉండాలి, మీ సంజాయిషీ అడిగి ఉండాలి. కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడు గదిలో గీజర్ ఎలా కాల్చాడో ముందు ఆయన చెప్పాలి. రెండు నెలలకు 22 వేలు, ముట్టిన 2 వేలు పోను మీకు రావాల్సింది సుమారు 20 వేలు. మీకు చెప్పిన జీతం ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే తక్కువైతే ఆ తేడా కూడా అడగొచ్చు.

జీతం ఇచ్చేశానని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ కోడ్ ప్రకారం యజమానిదే. మీరు అక్కడ పని చేశారని మాత్రం మీరు చూపాలి. దానికి ఫోన్‌పే ఎంట్రీ, డ్యూటీ గురించి మేనేజర్ పంపిన మెసేజ్‌లు పనికొస్తాయి. వాటికన్నా గట్టిది లాడ్జి గెస్టు రిజిస్టరు. అరవై రోజుల పాటు వచ్చినవాళ్ల పేరు, ఊరు, గది నంబరు మీ చేత్తోనే రాసి ఉంటారు. పని చేయలేదని ఆయన అన్నా ఆ చేతిరాత ఊరుకోదు. రిజిస్టరు తెప్పించమని, జీతం కోసం కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులోనే అడగండి. దానికోసం మీరు లాడ్జిలోకి వెళ్లకండి.

జీతం కోసం క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. పాత వేతన చెల్లింపు చట్టంలో 12 నెలలే ఉండేది. మూడేళ్లుంది కదా అని కూర్చోకండి. ఈలోగా సీసీటీవీ రికార్డింగ్ చెరిగిపోతుంది, మీతో పని చేసిన రూమ్ బాయ్‌లు ఊళ్లకు వెళ్లిపోతారు.

పరువు నష్టం సంగతికొస్తే, దావాకు ఏడాది గడువుంది. కానీ ఆ మాట విన్న యాత్రికులు దర్శనం చేసుకుని ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. సాక్షి లేని తిట్టు కోసం కోర్టు ఫీజు పెట్టవద్దు.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మెమో, జీతం రెండూ ఏడు రోజుల్లో ఇవ్వాలని రాసి, రసీదు దాచుకోండి. స్పందన లేకపోతే జీతం కోసం తిరుపతిలోని కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. క్లెయిమ్‌కు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం క్లెయిములు విచారించే అధికారికి ఉంది. దరఖాస్తులో ఆ మాట అడగడం మరిచిపోవద్దు. మెమో కోసం తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు లేకుండా యజమానికి నోటీసు పంపి పిలిపిస్తారు. దారి తెలియకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నాయనను తోడు తీసుకెళ్లండి, పుట్టిన తేదీ రుజువుకు మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఆ పాత ఫోన్ దగ్గర పెట్టుకోండి.