లైబ్రరీలో ఆదివారం పొద్దున ఏం చేద్దాం?

(కడప జిల్లాలోని శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైన ఒక లైబ్రేరియన్, పాఠకులు పంపిన ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేడమ్, నేను జమ్మలమడుగు వైపు ఒక శాఖా గ్రంథాలయంలో కొత్తగా చేరాను. ఏటా నవంబరులో వారోత్సవాలు జరుపుతాం. ఫ్లెక్సీ, దండలు, ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీ, ఆఖరి రోజు బహుమతులు. బడి పిల్లల్ని లైన్లో తీసుకొచ్చి కూర్చోబెడతారు. 21వ తేదీ నుంచి మళ్లీ పేపరు చదివే పెద్దమనుషులే. జనం తమంతట తాము వచ్చే కార్యక్రమం ఏదైనా చెప్పండి. పెద్దగా ఖర్చు పెట్టుకోలేం.

జవాబు: కొత్తగా చేరానన్నావు కాబట్టి నా పిల్లల వయసే ఉంటుందనుకుని నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు నాయనా. ముందుగా, వారోత్సవాల మీద విసుగు పెంచుకోవద్దు. 1919 నవంబరు 14న మద్రాసులో దేశం నలుమూలల నుంచీ పౌర గ్రంథాలయాల వాళ్లు సభ పెట్టుకున్నారు. దాని వెనక గ్రంథాలయ ఉద్యమాన్ని నడిపిన మన అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనిక ఉంది. 1968 నుంచి 14 మొదలు 20 దాకా మనం జరుపుకుంటున్నది ఆ తేదీ పేరు మీదే. మీ స్టేజీ మీద ఈ ముక్క ఎవరైనా పిల్లలకు చెప్తున్నారా? చెప్పకపోతే ఈసారి నువ్వే చెప్పు.

ఇక నువ్వు రాసినదాంట్లో నాకు కనిపించిన లోటు ఒకటే. వచ్చినవాళ్లకు అక్కడ నోరు విప్పే పని లేదు. స్టేజీ మీద ఉన్నవాళ్లే మాట్లాడతారు, కింద ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టి పోతారు. ఏడాదికి ఒక వారం హడావిడి కంటే నెలకు ఒక్క పూట, అదీ ఎప్పుడూ ఒకే రోజున, వచ్చినవాళ్లే చదివి వాళ్లే మాట్లాడుకునేది పెట్టు. మనకు శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది కాబట్టి నెలలో మొదటి ఆదివారం అనుకుందాం. ముగ్గురే వచ్చినా ఆ ముగ్గురితోనే జరపాలి. ‘జనం లేరు, వచ్చే నెల చూద్దాం’ అన్నావంటే ఆ తర్వాత ఎవరూ నమ్మి రారు.

నేను పనిచేసిన ఊళ్లలో బాగా నడిచింది కైఫీయత్తు, అంటే ఊరి పాత సంగతులు రాసిపెట్టిన కాగితం, చదవడం. ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ సర్వే పనుల మీద ఉన్న కాలంలో కావలి సోదరుల వంటి తెలుగువాళ్లు ఆయన కింద పనిచేస్తూ, ఊరూరి కరణాల దగ్గరున్న కవిలెలు (లెక్కల పుస్తకాలు), శాసనాలు, పెద్దలు చెప్పుకునే కథలు రాయించి తెచ్చారు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఉంది, ఏ పాళెగాడు వచ్చి పడ్డాడు, అన్నీ వాటిలో ఉంటాయి. 1821లో మెకంజీ పోయిన తర్వాత ఆ కాగితాలు పాడైపోతుంటే నకళ్లు రాయించిన పుణ్యం బ్రౌన్ దొరది. కడప జిల్లా కైఫీయత్తులను మన కడపలోనే ఉన్న సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చు వేసింది. మీ చుట్టుపక్కల ఊళ్లవి ఏవి ఉన్నాయో వెతికి, ఒక ఊరిది రెండు మూడు పేజీలు పెద్ద అక్షరాల్లో జిరాక్సు తీయించు. అయ్యే ఖర్చు అదే.

ఒకసారి పెన్నేటి పక్క ఊరొకటి తీసుకున్నాం. రిటైరైన తెలుగు పంతులుగారు చదువుతున్నారు. ఊరి పొలిమేరలు చెప్పే చోట ఒక పెద్ద రాతి గుండు మాట వచ్చేసరికి, వెనకాల తలకు టవలు చుట్టుకుని కూర్చున్న ఒక రైతు లేచి, ‘సార్, ఆ గుండు ఇప్పుడు లేదు. పగలగొట్టి కంకరకు తోలేసినారు. చిన్నప్పుడు దాని మీదెక్కి ఆడుకున్నోళ్లం మేము’ అన్నాడు. ఇంకొకాయన ‘నువ్వు చెప్పేది వేరే గుండు, ఇది వంకకు అవతల’ అన్నాడు. ఇద్దరూ చాక్‌పీసు అడిగి తీసుకుని గచ్చు మీద వంక గీశారు, బండ్ల బాట గీశారు, పాత బావి పెట్టారు. పిల్లలు చుట్టూ మూగి ‘మా ఇల్లు ఎక్కడొస్తుంది తాతా’ అని అడగడం మొదలుపెట్టారు. చదవాల్సిన మూడు పేజీల్లో ఆ రోజు ఒకటే అయింది. రెండో పేజీ వినడానికి మళ్లీ నెల ఆ ఇద్దరూ ఊళ్లోవాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకో. కైఫీయత్తులో ఉన్నది ఆనాటి కరణాలు, పెద్దలు చెప్పింది. అందులో చరిత్రా ఉంటుంది, నమ్మకాలూ ఉంటాయి. మాన్యాల మాట, కులాల మాట వచ్చినప్పుడు మాటామాటా పెరిగే వీలుంది. ఇది తగాదాలు తీర్చే కాగితం కాదని, మన ఊరి గురించి రెండు వందల ఏళ్ల కిందట ఏం చెప్పుకునేవాళ్లో వినడానికి కూర్చున్నామని మొదట్లోనే చెప్పేయ్. ఇంకొకటి, చివరి పావుగంట పుస్తకాలకు ఉంచు. జిల్లా చరిత్ర, సీమ కథలు, పిల్లల పుస్తకాలు ఒక బల్ల మీద పరిచి, పక్కనే మెంబర్‌షిప్ ఫారాలు, రెండు పెన్నులు పెట్టు. మాటల వేడి మీద ఉన్నప్పుడే చేతికి పుస్తకం అందాలి. ‘రేపు రండి, రాసిస్తాను’ అంటే రారు.

ఖర్చు సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జనమే కడుతున్నారు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు అది. తమ డబ్బుతో నడిచే చోటు ఇది అన్న సంగతి చాలామందికి తెలియదు. బయట బోర్డు మీద ఆ ఒక్క వాక్యం రాయించి చూడు.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. ఇంగ్లీషు మీడియం. ఎండాకాలం సెలవుల్లో లైబ్రరీలో పిల్లల శిబిరం పెట్టారని పంపితే రెండో రోజే పోనని మొండికేశాడు. కథలు చెప్తారట కానీ బోరట. నేనేమైనా చేయగలనా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: చేయగలరమ్మా, చాలా చేయగలరు. పిల్లాడి తప్పేమీ లేదు. అన్ని వయసుల వాళ్లనూ బెంచీల మీద కూర్చోబెట్టి మైకులో నీతికథ వినిపిస్తే ఏ పిల్లాడూ కూర్చోడు. చాలా శాఖా గ్రంథాలయాల్లో తలుపు తీయడం దగ్గర్నుంచి పుస్తకాలు ఇవ్వడం దాకా ఒకే మనిషి చూసుకోవాలి. వారానికి ఒక పూట నేనొచ్చి కథ చదువుతానని మీరు అడిగితే వాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు. తోడుగా ఇంకొక తల్లిని పిలుచుకుని వెళ్లండి.

చాప పరిచి పిల్లల్ని అర్ధచంద్రంలా కూర్చోబెట్టండి, మీరూ కిందే కూర్చోండి. పుస్తకాన్ని భుజం పక్కన బొమ్మలు పిల్లల వైపు ఉండేలా పట్టుకుని, మీరు పక్కనుంచి చూసి చదవాలి. పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగండి. ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడిగి, వాళ్లు చెప్పేదాకా తిప్పకండి. పోయిన వారం చదివిన కథే మళ్లీ చదవమంటే విసుక్కోకండి. ఆ వయసులో తెలిసిన కథలోనే వాళ్లకు ఎక్కువ సంతోషం. ఏడేళ్ల వాళ్లను పదేళ్ల వాళ్లతో కలపవద్దు. పెద్దవాళ్లు ముందే జవాబు చెప్పేసి చిన్నవాళ్ల నోరు కట్టేస్తారు.

తెలుగు గబగబా చదవలేని పిల్లలకు పొడుపుకథలు బాగా పనిచేస్తాయి. ఇంట్లో జేజినో అవ్వనో అడిగి తలా ఒకటి తెచ్చుకోమనండి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ లాంటివి అట్ట ముక్క మీద ఒక వైపు పొడుపు, రెండో వైపు విడుపు రాయించి దారానికి వేలాడదీయండి. కంటి రెప్పలు అని తెలిసిన పిల్లాడు కూడా వెనక్కి తిప్పి చదవకుండా ఉండలేడు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. మీ బాబు రెండో రోజు మానేసిన చోట ఇదొకటి పెట్టి చూడండి.

ప్రశ్న: గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాం. మాకు లైబ్రరీ తప్ప వేరే చోటు లేదు. ఆదివారం కూడా ప్రోగ్రామ్స్ అంటే టెన్షన్‌గా ఉంది. చదువుకునేవాళ్ల గతేమిటి? – కొందరు అభ్యర్థులు, కడప

జవాబు: మీరు అడిగిందాంట్లో న్యాయం ఉంది. చదువుకునే గదిలో ఎప్పుడూ కార్యక్రమం పెట్టకూడదు. వరండా ఉంటే వరండాలో, చెట్టు ఉంటే చెట్టు కింద, ఉన్నది ఒకటే హాలైతే పక్కన బడిని అడిగి అక్కడ. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు అన్నది వారం ముందే గోడ మీద పెట్టాలి, ముగింపు టైము దాటకూడదు. మైకు అసలు వద్దు. ఇవి రాతపూర్వకంగా లైబ్రేరియన్‌ను అడగండి.

నాదొక కోరిక. నెలకు ఒక గంట మీలో ఇద్దరు బల్ల వేసుకుని కూర్చుని టెన్త్, ఇంటర్ పిల్లలకు ఏ పరీక్షకు ఏం చదవాలి, అప్లికేషన్ ఎలా నింపాలి చెప్పండి. మీకు ఏ వయసులో ఎవరు చెప్పి ఉంటే బాగుండేదో మీకే తెలుసు.

ప్రశ్న: మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. చదువు రాదు. నేను లైబ్రరీకి పోతుంటే ‘నన్నూ తీసుకుపో, ఊరికే కూర్చుంటా’ అంటుంది. చదువురాని వాళ్లకు అక్కడ ఏం ఉంటుంది మేడమ్? – ఒక పాఠకురాలు, మైదుకూరు

జవాబు: తీసుకుపోమ్మా, తప్పకుండా తీసుకుపో. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయ ఉద్యమం ఎంత పట్టుదలగా నడిపారో వయోజన విద్య కోసమూ అంతే పాటుపడ్డారు. చదువు వచ్చినవాళ్లకే లైబ్రరీ అని ఆ తరం ఎప్పుడూ అనుకోలేదు. పేపరులో ఊరి వార్తలు, ఒక కథ పైకి చదివి వినిపించే పూట ఉంటే మీ అమ్మలాంటి వాళ్లు చాలామంది వస్తారు.

అయితే వినడానికి మాత్రమే పిలవద్దు. ఆమెకు వచ్చినది లైబ్రరీలో ఏ బీరువాలోనూ దొరకదు. నాట్ల పాటలు, విసుర్రాయి పాటలు, పెండ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, కరువు ఏళ్లలో ఏం తిని బతికారన్న సంగతులు. ఇంటర్ చదివే ఆడపిల్లలిద్దరిని పక్కన కూర్చోబెట్టి రాయించండి. ఫోన్లో రికార్డు చేయాలంటే ముందు ఆమెను అడగాలి. ఆమె ‘వచ్చినాడు’ అంటే ‘వచ్చాడు’ అని దిద్దకూడదు, అన్నది అన్నట్టే రాయాలి. పాట కింద ఆమె పేరు, పుట్టిల్లు ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది రాయాలి. అంతా అయ్యాక ఆమెకు చదివి వినిపించాలి. ‘ఆ చరణం అట్ల కాదు పాపా’ అని దిద్దుతుంది, అప్పుడు అసలు పాట బయటపడుతుంది. మా లైబ్రరీలో అలా నిండిన నోటుపుస్తకానికి అక్సెషన్ రిజిస్టరులో (లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ నమోదు చేసే పుస్తకం) నంబరు వేసి, అచ్చు పుస్తకాల పక్కనే బీరువాలో పెట్టాం. ఆ పేజీ చూపించమని వాళ్ల మనవళ్లు ఇప్పటికీ అడుగుతారు.

పెద్దవాళ్లను పిలిచేటప్పుడు వీపు ఆనించుకునే కుర్చీ, తాగే నీళ్లు, శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి ముందు చూసుకోండి. చీకటి పడకముందే ఇంటికి చేరేలా టైము పెట్టండి. వీటిలో ఏది తక్కువైనా వాళ్లు పైకి చెప్పరు, రావడం మానేస్తారు.

ప్రశ్న: నాన్నగారు పోయారు. రెండు బీరువాల పుస్తకాలున్నాయి. లైబ్రరీకి ఇస్తే తీసుకుంటారా? – ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: తీసుకుంటారు బాబూ, కానీ ఆటోలో వేసుకుని ఒకేసారి దించవద్దు. పేరు, రాసినవారు, అచ్చయిన ఏడు ఒక కాగితం మీద రాసుకుని ముందు అది చూపించండి. పాత గైడ్లు, టెస్టు పేపర్లు లైబ్రరీకి బరువే. ఊరి దేవళం వాళ్లు వేయించిన చిన్న పుస్తకాలు, బడి వార్షికోత్సవ సంచికలు, భజన పాటల పుస్తకాలు, పాత వారపత్రికలు మాత్రం పాతపేపర్ల వాడికి వేయకండి. అవి మీ బీరువాలో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. చెద తగిలినవి ఉంటే విడిగా సంచిలో కట్టి తేండి, మిగతావాటికి అంటుకోకుండా.