ఎండకు, తుపానుకు తట్టుకునే కొబ్బరి రకం కోనసీమకు ఎందుకు త్వరగా రాదు?

వరి నాలుగైదు నెలల్లో చేతికొస్తుంది కాబట్టి ఏడాదికి రెండు తరాలు చూడవచ్చు. పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికే ఆరేడేళ్లు. పూత నుంచి కాయ ముదరడానికి మరో ఏడాది. ఆపై కొన్నేళ్ల దిగుబడి, కనీసం ఒక గడ్డు వేసవి చూడనిదే చెట్టు గట్టిదని చెప్పలేం.

సంకరం చేయడమూ ఓపిక పనే. చెట్టెక్కి, పూగుత్తిలోని మగపూలను విచ్చకముందే తీసేసి, ఆడపూలకు సంచి కట్టి, ఎంచుకున్న చెట్టు పుప్పొడి చల్లాలి. అంబాజీపేట పరిశోధన స్థానంలో తూర్పు కోస్తా పొడుగు రకాన్ని గంగాబొండం అనే పొట్టి రకంతో కలిపి గోదావరి గంగ అనే సంకర రకాన్ని రూపొందించారు. పొట్టి రకాలు తొందరగా కాస్తాయి, కానీ నీటి ఎద్దడికి డీలాపడతాయి. ఓర్పు పొడుగు రకాల సొత్తు. రెండూ ఒకే చెట్టులో కావాలన్నదే ఆశ. అయితే ఆ సంకర చెట్టు కాయలనే మళ్లీ విత్తనంగా నాటకండి, మొక్కలు రకరకాలుగా వస్తాయి.

ఇక గాలి సంగతి. 1996 నవంబరు తుపాను కోనసీమ తోటలను నేలకూల్చింది. అంతటి గాలికి నిలిచే రకాన్ని ఎవరైనా హామీ ఇస్తే నేనైతే నమ్మను. ఎద్దడి ఏళ్లలోనూ కాపు తగ్గని మీ ఊరి చెట్లను గుర్తుపెట్టుకుని, విత్తనకాయలు వాటి నుంచే తీసుకోండి.