చిట్టితల్లికి, బరంపురం నుంచి

చిట్టితల్లీ,

కీమో మందునీ రేడియేషన్‌నీ ఒకే లైపోజోములో, అంటే కంటికి కనిపించనంత చిన్న కొవ్వు బుడగలో, పెట్టి పేగు క్యాన్సర్ మీద పని చేయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఇచ్ఛాపురంలో చుట్టాలందరికీ నేనే చెప్పేశాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

గ్లవ్స్, ఏప్రన్ సంగతి నీకు తెలుసు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జి డ్రాయర్‌లో పడేసి లోపలికెళ్లావో, ఊరుకోను. రేడియేషన్ ఇచ్చే రీనియం-188 సగం తగ్గడానికే 17 గంటలు పడుతుంది.

నేను చేసిన తప్పు చెప్తా, విను. డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి కీమో మందు నింపి లైపోజోములు చేశాను. కరెంటు పోతుందన్న భయంతో, శుక్రవారం సాయంత్రం సీసాలన్నీ డీప్ ఫ్రీజర్లో సర్దేశాను. గడ్డకట్టేటప్పుడు పొరను కాపాడే చక్కెర కలపలేదు. సోమవారం కరిగిస్తే అదే ఎర్రటి నీళ్లు, తేడా కనిపించలేదు. డిష్‌లో కణాల మీద వేస్తే మునుపటికన్నా వేగంగా చచ్చాయి! గైడ్‌గారు భుజం తట్టారు, ఇంటికి మిఠాయి పట్టుకెళ్లాను. తర్వాత ఎలుకలకిచ్చాం. వారం తిరక్కుండా బొచ్చు రేగి, మూల నక్కి, బరువు తగ్గిపోయాయి.

మిగిలిన మందు కాలమ్‌లో, అంటే లైపోజోముల్నీ బయటి మందునీ విడదీసే గొట్టంలో, పోశాను. ముందు దిగాల్సిన లైపోజోముల పట్టీ వెలవెలబోయింది. వెనకాల ఒట్టి మందు చిక్కటి ఎరుపుతో నింపాదిగా దిగింది. మంచు పలుకులు పొరను చీల్చేశాయమ్మా. డిష్‌లో కణాల్ని చంపింది కారిపోయిన మందే. ఎలుకలో అదే ఒళ్లంతా పాకింది. పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ పదిహేను రోజులే నన్ను ఇప్పటికీ కుదిపేస్తాయి.

అందుకే, చేసిన రోజు కొలిచాను కదా అనకు. వాడే రోజు పొద్దున లోపల ఎంతుందో, బయట ఎంతుందో మళ్లీ కొలువు. మందు ఒక్కటే, రేడియేషన్ ఒక్కటే, ఖాళీ లైపోజోము, ఇవన్నీ పక్కన పెట్టుకోకపోతే రెండూ కలిసి చేశాయన్న మాట ఎలా నమ్మను?

మీ నాన్నమ్మకి రక్తం పడితే మొలలనుకుని ఏడాది నాటుమందు మింగించాం. ఆఖరికి విశాఖలో పురీషనాళానికి 28 సార్లు రేడియేషన్, దాంతోపాటు కెపెసిటబిన్ అనే కీమో బిళ్లలు. నాలుగో వారానికి మజ్జిగన్నం కూడా వద్దంది. పురీషనాళానికి పైనున్న పెద్దపేగు కదులుతూ ఉంటుంది, అక్కడ రేడియేషన్ అరుదు. రెంటినీ ఒకే జబ్బుగా రాయకు. మంచి పేగును వదిలేసి గడ్డను కొట్టే మందు నీ చేతుల్లోంచి రావాలని నాకుంది. తొందరపడకు.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే ఒకాయన చేత ఫ్రిజ్ థర్మామీటర్ పంపుతున్నా. పెద్దమ్మ పెట్టిన వడియాలు కూడా. ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ రాత్రి చూసి, పుస్తకంలో రాసి పెట్టు.

మీ పెదనాన్న